మావయ్య వెతికిపెట్టిన ఇయర్‌ఫోన్లు

సంఘంలోని అక్కచెల్లెళ్ళారా, మావయ్య జ్ఞాపకార్థం తలా ఒక పేజీ రాసిస్తే ఫైలుగా కుట్టి వాళ్ళింట్లో ఇస్తామన్నారు. నా పేజీ ఇదివరకే ఇచ్చాను. అందులో అబద్ధమేమీ లేదు గానీ, అసలు సంగతి కూడా లేదు. అది ఈ కాగితాల్లో ఉంది. ఈ ఖరగ్‌పూర్ బడిలోనే తెలుగులో పది వరకు చదివినదాన్ని, రాయడం వచ్చు. ఇన్నాళ్ళూ భయం వేసి రాయలేదు. మొన్న మావయ్య కోసం పెట్టిన ఆదరణ కూడికలో మీరందరూ నా గురించి ‘ఆమెన్’ అన్నాక మాత్రం రాయకుండా ఉండడానికి ఇంకా భయం వేసింది.

పక్కింటి మావయ్య ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారన్న కబురు మా వీధిలో అందరికంటే ఆఖరున నాకు తెలిసింది. సుభాష్‌పల్లిలో మా రెండిళ్ళకూ మధ్య ఉన్నది ఒక్క ఇటుక గోడ. ఆ మంగళవారం పొద్దున్న ఆరింటికి ఆయన కోడలు మా గుమ్మం ముందు నిలబడి బెల్లు కొట్టింది. చాలాసార్లు కొట్టిందట. అప్పటికి మావయ్యకు ఊపిరి ఉంది. ఛాతీ పట్టుకుని మంచం మీద ఒరిగిపోతున్న మనిషిని ఆనుకుని కూర్చోవడానికి ఇంకొకరు కావాలి. కొడుకు బండి కోసం పరుగెత్తాడు. నేను తలుపు తీయకపోయేసరికి ఆమె ఎదురింటి దీదీని పిలుచుకుని వెళ్ళింది. బండి వచ్చేలోపే అంతా అయిపోయింది.

మా ఆయన గూడ్సు బండి మీద డ్యూటీకి వెళ్ళారు. నేను వంటింట్లో టీ కాచుకుంటున్నాను. ఏడింటికి చెత్తబుట్ట బయట పెడదామని తలుపు తీస్తే వాళ్ళ అరుగు ముందు ఇరవై జతల చెప్పులు కనిపించాయి. అంతమంది నా తలుపు ముందు నుంచే నడిచి వెళ్ళారు.

“ఎంతసేపు కొట్టినానక్కా బెల్లు! ఏటయ్యావు?” అంది కోడలు నన్ను పట్టుకుని.

“ప్రార్థనలో ఉన్నానమ్మా,” అన్నాను.

అలా నోట్లోంచి వచ్చేసింది. ఆమె నమ్మింది. నన్ను ఎరిగినవాళ్ళు ఎవరైనా నమ్ముతారు. కూడికలో పాస్టరమ్మగారు దాన్నే సాక్ష్యంగా చెప్పారు. “మన సహోదరి మోకరించిందంటే లోకంలో ఏ చప్పుడూ ఆమె చెవిన పడదు,” అన్నారు. మీరంతా ఆమెన్ అన్నారు. నేను తల వంచుకున్నాను, అదీ వినయమే అనుకున్నారు. ఆ బెల్లు నాకు ఎందుకు వినపడలేదో తెలిసిన మనిషి ఒక్కరే. ఆయన అప్పటికి మట్టిలో ఉన్నారు.

మావయ్య రైల్వేలో టెలికం వారు. కంట్రోల్ ఆఫీసులో కంట్రోలర్లు పొద్దస్తమానం చెవులకు తగిలించుకుని కూర్చునే హెడ్‌ఫోన్లు బాగుచేయడం ఆయన పని. ఒక్క మాట తప్పుగా వినపడితే రెండు బండ్లు ఒక లైను మీదకు వచ్చేస్తాయని, అందుకే తన చేతిలోంచి వెళ్ళిన ప్రతి జతనూ ముందు తన చెవికి పెట్టుకుని చూసేవాణ్ణని చెప్పేవారు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఎవరింటికి వెళ్ళినా అక్కడున్న ఇయర్‌ఫోన్లు తీసి, జేబురుమాలుతో రబ్బరు తుడిచి, వైరు మెలికలు విప్పి, కాసేపు విని, “ఎడం వైపు గొంతు పట్టేసినాది,” అనో, “ఇది డబ్బా, పారెయ్యి,” అనో తీర్పు చెప్పేవారు. ఆయన దగ్గర పాత టూత్‌బ్రష్ ఒకటి ఉండేది. ఇయర్‌ఫోన్ల జాలీలో గుబిలి పేరుకుంటే దానితో మెల్లగా గోకి తీసేవారు. పెళ్ళికి పిలిచినా ఆ బ్రష్ చొక్కా జేబులోనే ఉండేది. గుడిలో ప్రసంగం జరుగుతుంటే కళ్ళు మూసుకుని ఉండేవారు, నిద్రపోయారనుకునేవాళ్ళం. మైకు కూత మొదలయ్యే ముందే లేచి వెళ్ళి మీట తిప్పి మళ్ళీ వచ్చి కూర్చునేవారు.

ఆయనతో నాకు ఇంత చనువు కలిగింది కిందటేడు, క్వయర్ వల్ల. పాస్టరమ్మగారు గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చారు. మన నోటి మాట ఆమెకు కొరుకుడు పడలేదు. మనం ‘చ’ పలకాల్సిన చోట ‘స’ పలుకుతామని ఆమెకు పెద్ద దిగులు. క్రిస్మస్ కోసం నేర్పిన కొత్త పాటలో ‘చల్లని’ అనే మాట వచ్చినప్పుడల్లా ప్రాక్టీసు ఆగిపోయేది. మీకు గుర్తుండే ఉంటుంది.

“సల్లని కాదమ్మా, చల్లని! చ! మీ ఖరగ్‌పూర్‌లో చ అనే అక్షరమే లేదా?” అని ఒకరోజు ఆమె విసుక్కున్నారు.

మైకు పెట్టె పక్కన కూర్చున్న మావయ్య అన్నారు: “మా సెక్షన్లో చ ఎప్పుడో రిటైరైపోనాదమ్మా. పోస్టు కాలీ. స డబల్ డ్యూటీ సేస్తాంది.”

అందరం పడీ పడీ నవ్వాం. పాస్టరమ్మగారు కూడా నవ్వారు. నేను అందరితో పాటు నవ్వాను గానీ, ఆమె నోట్లోంచి వచ్చిన ‘చల్లని’కీ మా నోట్లోంచి వచ్చిన ‘సల్లని’కీ తేడా ఏమిటో నాకు తెలియలేదు. మన ఊరి అలవాటే కదా, రెండూ మనకు ఒకటే అనుకున్నాను. వేరే ఊళ్ళో పుట్టి ఉంటే అప్పుడే అనుమానం వచ్చేదేమో.

ఆ పాట నేర్చుకోవడానికి ఆమె తబలా, హార్మోనియం పెట్టి రెండు గొంతులూ తనే పాడి, కలిపి ఫోన్లో పంపించారు. నాది సెకండ్ వాయిస్. కింద నడుస్తుంది, పైన పాడేవాళ్ళ గొంతులో కలిసిపోతుంది, పట్టుకోవడం కష్టం. ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే అంతా ఒక ముద్దలా వినిపించేది. మా ఆయన ఫోనుతో వచ్చిన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూశాను. రాగం తెలుస్తోంది గానీ మాటలు అంచులు అరిగిపోయినట్టున్నాయి. మావయ్యకు చెప్పుకున్నాను.

“ఊరికే వచ్చినదానికి ఊరికే వచ్చినంత సౌండే ఉంటాది,” అన్నారాయన. “రేపు గోల్ బజార్ ఎల్దాం పద. కొనడం నాను సూపిస్తాను.”

నా యాభై ఏళ్ళలో ఒక వస్తువును అంత శ్రద్ధగా ఎంచుకోవడం అదే మొదటిసారి చూడడం. షాపు దాదా మమ్మల్ని చూడగానే ఒక జత నా చెవిలో పెట్టి, గుండెలు అదిరేలా ఏదో డాన్సు పాట పెట్టాడు. “బేస్ దేఖియే కాకూ, బేస్!” అని మావయ్య వైపు చేతులు ఊపాడు.

“నీ పాట ఆపు దాదా,” అన్నారు మావయ్య హిందీలో. “నీ పాట నీకు తెలుసు, మాకు తెలీదు. తెలీని పాటతో ఏది ఇన్నా బాగానే ఉంటాది.” నా వైపు తిరిగి, “మన పాట పెట్టమ్మీ, నీకు అచ్చరం అచ్చరం వచ్చిన పాట. అన్ని జతల్లోనూ అదొక్కటే ఇను,” అన్నారు.

పాట పెట్టాను. ఆయన నా ఫోను తీసుకుని సౌండు సగానికి తగ్గించేశారు. తక్కువ సౌండులో కూడా నిండుగా వినిపించేదే మంచిదట, గట్టిగా పెడితే ఏ డబ్బా అయినా మోసం చేస్తుందట. ఆ తరువాత రబ్బర్లు మార్పించారు. మూడు కొలతలు ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. నా ఎడమ చెవికి చిన్నది, కుడి చెవికి మధ్యది సరిపోయాయి. “దేవుడు రెండు సెవులూ ఒకే కొలతకి కుట్టలేదు, దర్జీలాగ పండక్కి గాబరా పడినట్టున్నాడు,” అన్నారు. దైవదూషణ మావయ్యా అన్నాను. “నవ్వుతాడులే ఆయన,” అన్నారు. రబ్బరు చెవిలో సరిగ్గా కూర్చుంటే బజారు గోల సగం ఆగిపోయింది, తబలా ఎడమ చేతి దెబ్బ నా రొమ్ములో పడినట్టనిపించింది.

“బాగుంది మావయ్యా!” అన్నాను.

“అదిగో, బేస్!” అన్నాడు దాదా సంబరంగా.

“డోలు ఎవుడికైనా ఇనబడతాది,” అన్నారు మావయ్య. “నువ్వు మనిషిని ఇను. పాడేముందు ఆవిడ ఊపిరి తీసుకుంటాది సూడు, అది ఇనబడాలి. మాట మొదట్లో పెదాలూ, పళ్ళూ కదిలిన సప్పుడు ఇనబడాలి. మరీ ముక్యంగా స ఇను. నాసిరకం దాంట్లో స ఏడి పెనం మీద నీల్లు పోసినట్టు కోస్తాది, లేదా మొత్తం మింగేస్తాది. మంచిదాంట్లో స పట్టు సీర అంచులాగ ఉంటాది. మనోలకి ఉన్నదే ఆ ఒక్క అచ్చరం, అది పోతే మన కాడ ఇంకేటి మిగుల్తాది?”

విన్నాను. ఊపిరి లేదు, స లేదు. ఆరు జతలు మార్చి చూశాం. పాస్టరమ్మగారు ‘చల్లని’ అన్న చోట అన్నిట్లోనూ ‘ల్లని’ అనే వినిపించింది. “మింగేస్తోంది మావయ్యా,” అంటూ వచ్చాను ప్రతిదానికీ. దాదా మొహం చిన్నబోయింది. మావయ్య ఒక్కొక్కటీ తన చెవికి పెట్టుకుని, తల ఒక పక్కకు వంచి విని, నా మొహం వంక చూసి పక్కన పెట్టారు. చివరికి ఆయనకు నచ్చిన జత తీసుకున్నాం. వైరుది. వైరు లేనివి చూపిస్తే, “ఈవిడ ప్రార్థన మొదలెడితే దాంట్లో సార్జింగ్ అయిపోతాది,” అన్నారు దాదాతో.

రైల్వే గేటు దాటి మా వీధిలోకి వచ్చేముందు ఆయన ఒక మాట గట్టిగా చెప్పారు. ఇవి ఇంట్లో కూర్చుని వినడానికే, నడుస్తూ పెట్టుకోకూడదు. రైల్వే ఊరు ఇది. చెవులు మూసుకుని పట్టాలు దాటినవాళ్ళను ఆయన తన సర్వీసులో చూసి ఉన్నారు.

ఇంటికి వచ్చాక నాలుగు రోజులు అరుగు మీద కూర్చుని పాట నేర్చుకున్నాను. ఐదో రోజు మావయ్య తన అరుగు మీంచి లేచి వచ్చి నా ఎదుట నిలబడ్డారు. చెవుల్లోంచి తీసేశాను.

“నీ పాట నాకు అక్కడికి ఇనబడతాందమ్మీ,” అన్నారు.

ఫోను చేతిలోకి తీసుకుని చూశారు. సౌండు గీత చివరి వరకు ఉంది. ఎప్పుడు అంత పెంచానో నాకే తెలియదు. ఆయన ఇంట్లోకి వెళ్ళి, తన సొంత ఇయర్‌ఫోన్లు పట్టుకుని వచ్చారు. అవి ఎంత మంచివో మీకు చెప్పలేను. చిన్న రేకు డబ్బాలో మెత్తటి గుడ్డలో చుట్టి ఉంచేవారు. కొడుకును కూడా ముట్టనిచ్చేవారు కాదు. వాటిని నా చెవిలో పెట్టి, సౌండు తగ్గించి, పాట పెట్టారు.

హార్మోనియం తిత్తి కదలడం వినిపించింది. అది పాటలో ఉందని అప్పటివరకు నాకు తెలియదు. సెకండ్ వాయిస్ పైన గొంతు నుంచి విడిపోయి, గదిలో వేరే మూల నిలబడి పాడుతున్నట్టు తెలిసింది. కన్నీళ్ళు వచ్చాయి. అయితే ‘చల్లని’ వచ్చిన చోట మాత్రం మళ్ళీ ‘ల్లని’యే.

“స ఎలాగున్నాది?” అన్నారు.

“దీంట్లోనూ లేదు మావయ్యా.”

ఆయన వాటిని నా చెవుల్లోంచి తీసి గుడ్డలో చుట్టారు. తన వస్తువును తప్పు పట్టానని చిన్నబుచ్చుకున్నారనుకుని, “పోనీలెండి, కంపెనీవాళ్ళు మిమ్మల్నీ మోసం చేసినట్టున్నారు,” అని ఓదార్చాను. ఆయన డబ్బా మూసి నా ఒళ్ళో పెట్టారు. “నీ కాడే ఉంచు,” అన్నారు. అంత ప్రాణప్రదమైన వస్తువును ఎందుకు ఇచ్చేస్తున్నారో నాకు అర్థం కాలేదు.

తరువాతి వారం నాకు జలుబు. వంటింట్లో గోడ వైపు తిరిగి బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. మావయ్య ఏదో అడగడానికి వచ్చి గుమ్మంలో ఆగి, ఒక్క అంగలో పొయ్యి దగ్గరికి వెళ్ళి మీట కట్టేశారు. కిటికీ రెక్కలు బార్లా తెరిచారు. అప్పుడు తిరిగి చూశాను.

“ఈ సప్పుడు ఇనబడలేదా?” అన్నారు.

“ఏ చప్పుడు?” అన్నాను.

గాలికి మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. ఆయన వీధి గుమ్మంలో అడుగు పెట్టగానే బుస్సుమని విన్నారట. నేను పొయ్యికి చేతి దూరంలో ఉన్నాను. జలుబు వల్ల వాసన తెలియలేదు సరే, చప్పుడు? ఆయన మొహంలో భయం చూడడం నాకు అదే మొదటిసారి. ఎంతోమందికి కరెంటు షాకులు కొట్టిన డబ్బాలను వట్టి చేతులతో విప్పే మనిషి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“కూకో,” అన్నారు. “అటు తిరిగి కూకో. నాను మాట సెప్తాను. నువ్వు తిరిగి సెప్పు.”

గోడ వైపు తిరిగి కూర్చున్నాను. వెనక నుంచి మెల్లగా ఒక మాట అన్నారు.

“ఆలూ,” అన్నాను.

ఇంకోసారి అన్నారు.

“ఆలూయే కదా మావయ్యా? ఏటి, కూర అడుగుతున్నారా? ఉంది, పెడతాను,” అని నవ్వాను.

వెనక నుంచి నవ్వు రాలేదు. తిరిగి చూశాను. ఆయన పేపరు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. దాన్ని దించి, నా కళ్ళలోకి చూస్తూ, “సాలు అన్నానమ్మీ. సాలు,” అన్నారు. ఆయన పెదాలు చూస్తుంటే అది ‘సాలు’ అని స్పష్టంగా వినిపించింది. అంటే ఇన్నాళ్ళూ నేను సగం చెవితో, సగం కంటితో వింటున్నాను.

“ఇయర్‌ఫోన్ల తప్పు కాదు,” అన్నారు.

అక్కచెల్లెళ్ళారా, మా అమ్మ సంగతి మీలో పెద్దవాళ్ళకు తెలుసు. నాకు పన్నెండేళ్ళప్పుడు ఆమె చెవులు మందగించాయి. అందరూ నవ్వాక నవ్వేది. ఎవరైనా పిలిస్తే మొహాలన్నీ వెతికేది, పిలిచింది ఎవరా అని. ఆమె ముందే ఆమె గురించి మాట్లాడుకునేవాళ్ళు, ఇంట్లో పిల్లి ఉన్నట్టు. ఒక ఆదివారం పాటలో ఒక చరణం వెనకబడి, అందరూ ఆపేశాక ఆమె ఒక్కతే గట్టిగా పాడుతూ ఉండిపోయింది. పిల్లలు నవ్వారు. నేనూ వాళ్ళలో ఉన్నాను. ఆరాధన అయ్యాక ఒక సంఘపెద్ద వచ్చి, “ఇకమీద ఎనక బెంచీలో కూకోమ్మా,” అన్నాడు. అమ్మకు ఆ మాట వినపడలేదు. “ఏటన్నారు?” అని నన్ను అడిగింది. దాన్ని ఆమెకు చెవిలో అరిచి చెప్పవలసి వచ్చింది నాకే. ఆ తరువాత అమ్మ పాడడం నేను వినలేదు.

“ఎవరికీ చెప్పకండి మావయ్యా,” అని ఆయన చేతులు పట్టుకున్నాను. “మా ఆయనకు కూడా. నన్ను వెనక బెంచీలో కూర్చోబెడతారు.”

“నాను సెప్పను,” అన్నారాయన. “నువ్వే సెప్పుకోవాలి. ముందు పరీచ్చ సేయించుకో.”

“ప్రార్థన చేస్తున్నాను కదా.”

“సెయ్యి. దేవుడికి ఇనబడతాది, ఆయన సెవులు బాగానే ఉన్నాయి. పరీచ్చ నీ సెవులకి.”

ఆయన మాట తప్పలేదు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడాలంటే వెలుతురు తన మొహం మీద పడేలా కిటికీకి ఎదురుగా కూర్చునేవారు. నలుగురిలో ఉన్నప్పుడు మాట మొదలుపెట్టే ముందు ఏదో వంకతో నా భుజం తట్టేవారు. ప్రాక్టీసులో మైకు పెట్టె దగ్గర నుంచి, సెకండ్ వాయిస్ ఎత్తుకోవలసిన చోట టూత్‌బ్రష్ పైకెత్తి చూపేవారు. “ముసలాయనకి చాదస్తం, మధ్యలో బ్రష్ ఏమిటి?” అని పాస్టరమ్మగారు ఎన్నిసార్లు అన్నారో మీరు విన్నారు. ఆయన ఆ మాటలు నవ్వుతూ తన మీద వేసుకున్నారు. క్రిస్మస్ పాట బాగా వచ్చిందని మీరంతా నన్ను మెచ్చుకున్నారు. అది ఆ బ్రష్ పాడించిన పాట.

సౌండు పెంచవద్దని రోజూ చెప్పేవారు. వినపడని చెవిలో గట్టిగా పోస్తే ఉన్నది కూడా పోతుందట. తన ఇయర్‌ఫోన్లలో రోజుకు అరగంట, తక్కువ సౌండులో వినమనేవారు. అందులో ఏమేమి వినిపిస్తున్నాయో ఒక కాగితం మీద రాసుకోమన్నారు. తిత్తి, తబలా, రెండో గొంతు, వేళ్ళు. వినపడనివాటి గురించి కాకుండా ఉన్నవాటి గురించి రాయించడం ఆయన పద్ధతి. నేను మాత్రం ప్రతి వారం ఆ కాగితం ముందుపెట్టుకుని, కిందటి వారానికీ ఈ వారానికీ ఏది తగ్గిందా అని వెతుక్కునేదాన్ని. వాన పడుతుంటే కిటికీ తెరిచి చూసి గానీ నమ్మేదాన్ని కాదు. మా ఆయన వెనక నుంచి ఏదైనా అంటే “ఊఁ” అనేసి, ఏమన్నారో తెలియక, ఏం అడిగి ఉంటారా అని మంచం మీద కూర్చుని లెక్కలు వేసుకునేదాన్ని.

ఒకరోజు మావయ్య స్టూలు తెచ్చి మా గుమ్మం దగ్గర వేశారు. “ఈ పిట్ట బెల్లు మార్సేద్దాం,” అన్నారు. మా బెల్లు సన్నగా పిట్ట కూసినట్టు మోగుతుంది. నాకు అది వినపడడం లేదని ఆయన కనిపెట్టారు. “బరువుగా ఠంగుమనేది ఒకటి ఉన్నాది నా కాడ. అది ఏస్తే నీకు వంటింట్లోకి ఇనబడతాది. పది నిమిషాల పని.”

“వద్దు మావయ్యా,” అన్నాను. “బాగున్న బెల్లు ఎందుకు మార్చారని అందరూ అడుగుతారు.”

“అడిగితే ముసలోడి సాదస్తం అని సెప్పు.”

“వద్దు.”

ఆయన స్టూలు తీసుకుని వెళ్ళిపోయారు. బలవంతం చేయడం ఆయనకు రాదు.

ఇప్పుడు మీకు తెలిసింది. ఆ మంగళవారం పొద్దున్న కోడలు కొట్టింది ఆ పిట్ట బెల్లే. నేను మార్చనిచ్చి ఉంటే తలుపు తీసేదాన్ని. నేను వెళితే ఆయన బతికేవారా? లేదని డాక్టరు కోడలితో అన్నారట, అది పెద్ద గుండెనొప్పి అని. అది నాకు ఓదార్పు కాలేదు. బతకకపోయినా, ఆఖరి పది నిమిషాలు ఆయన వీపును ఆనుకుని ఉండవలసిన చెయ్యి నాది.

మరో రెండు రోజుల్లో, గురువారం, నన్ను చెవుల పరీక్షకు తీసుకువెళ్తానని ఆయనే చీటీ రాయించి ఉంచారు. ఈస్టరు అయ్యాక, ఎండలు తగ్గాక అని నేను వాయిదా వేస్తుంటే, “ఇంక నీ వంకలు అయిపోనాయి, నానూ వస్తాను, బయట కూకుంటాను,” అన్నారు. ఆ గురువారం సమాధి తోటలో గడిచింది. రెండు వారాలు ఆ చీటీ బైబిలులో పెట్టుకుని తిరిగాను. మీరు ఆమెన్ అన్న మర్నాడు, ఒక్కదాన్నే ఆసుపత్రికి వెళ్ళాను.

ఇంత భయం నాకు కాన్పులప్పుడు కూడా లేదు. అది ఒక పెట్టె లాంటి గది. గోడలకు మెత్తటి గుడ్డ కొట్టి ఉంది. తలుపు వేస్తే నా ఊపిరి నాకే వినిపించింది. ఒక పక్క చిన్న అద్దం, అద్దం అవతల మిషను ముందు ఒక బెంగాలీ అమ్మాయి. నా చెవులకు బరువైన హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో ఒక బటన్ పెట్టింది. “ఆవాజ్ సునాయీ దే తో దబానా, మాసీ,” అంది. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కాలి, అంతే.

మొదట ఎక్కడో దూరంగా ట్రాన్స్‌ఫార్మర్ మోగినట్టు వినిపించింది. నొక్కాను. మళ్ళీ వచ్చింది, నొక్కాను. ఇంత తేలికా అనుకున్నాను. ఆ తరువాత నిశ్శబ్దం. అద్దంలో ఆ అమ్మాయి చెయ్యి కనిపిస్తోంది. ఆమె వేలు ఒక మీట మీద పడింది. నాకు ఏమీ వినపడలేదు. మళ్ళీ పడింది. వేలు పడిన ప్రతిసారీ ఒక చప్పుడు పంపుతోందని అర్థమైంది. చూస్తూ నొక్కితే సరిపోతుంది. నా బొటనవేలు నొక్కేసింది కూడా, ఒకసారి. ఆ అమ్మాయి కాగితం మీద ఏదో రాసుకుంది. లేని చెవికి మార్కు వేయించుకున్నాను. ప్రార్థనలో ఉన్నానని చెప్పినట్టే.

అప్పుడు లేచి, కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాను. వైరు అడ్డం పడితే సర్దుకున్నాను. వినపడకుండానే ఒకసారి నొక్కానని ఆ అమ్మాయితో చెప్పాను, అద్దం అవతల ఆమెకు వినిపించిందో లేదో. ఎదురుగా బూడిదరంగు గుడ్డ తప్ప ఏమీ లేదు. బొటనవేలు బటన్ మీద ఉంచి ఎదురుచూశాను. వస్తుంది, ఇప్పుడు వస్తుంది అనుకున్నాను. ప్రభువా, ఒక్కటి వినిపించు అన్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. భుజం మీద చెయ్యి పడితే ఉలిక్కిపడి చూశాను. ఆ అమ్మాయి తలుపు తీసుకుని ఎప్పుడో లోపలికి వచ్చి నిలబడి ఉంది. వంగి, నా మొహానికి ఎదురుగా మొహం పెట్టి మెల్లగా చెప్పింది: “హో గయా, మాసీ. కబ్‌కా హో గయా.” ఎప్పుడో అయిపోయిందట.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మావయ్య కోడలితో కూర్చుని, ఆ పొద్దున్న నేను మోకాళ్ళ మీద లేనని నా నోటితో చెప్పాలి. ఆ తరువాత పాస్టరమ్మగారికి, మా ఆయనకు. చెప్పగలనో లేదో ఇంకా తెలియదు. అంతవరకు ఈ కాగితాలు మీ దగ్గర దాచండి. ఫైలులో కుట్టకండి, ఎవరికీ చూపకండి.